ముందు చీటీ, తర్వాత పెట్టె



వేసవిలో ఆవకాయ కలుపుతాం. మూడో రోజు జాడీ మూత తీసి, తిరగ కలుపుతాం. ఆ వాసనకి మీకు ఎవరు గుర్తొస్తారు? నాకైతే మా అమ్మాయి గుర్తొస్తుంది. మీకు కొడుకు కావచ్చు, తమ్ముడు కావచ్చు, మేనల్లుడు కావచ్చు. ఒకరు డల్లాస్‌లో ఉంటారు. ఒకరు దుబాయ్‌లో ఉంటారు. ఇంకొకరు మెల్‌బోర్న్‌లో ఉంటారు. "ఇందులో ఒక కిలో దానికి పంపిస్తే బాగుండు" అనుకుంటాం. విదేశీ పార్సిల్ అక్కడ మొదలవుతుంది, జాడీ దగ్గర.

నేను పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. చాలా ఏళ్ళు పార్సిల్ కౌంటర్ వెనకే కూర్చున్నాను. ఇప్పుడు మా అమ్మాయికి పార్సిల్ పంపాలంటే అదే కౌంటర్‌కి ఇవతల నిలబడుతున్నాను. అటూ ఇటూ చూసినదాన్ని కదా, అందుకని ఇవాళ మీకు ఒకే ఒక్క సంగతి చెప్తాను. పెట్టె కట్టకముందే చీటీ రాయండి. ముందు చీటీ, తర్వాత పెట్టె.

ఏం చీటీ అంటారా? కిరాణా కొట్టుకి వెళ్ళేముందు రాసుకుంటాం చూడండి, అలాంటిదే. మినప్పప్పు కిలో, బెల్లం అరకిలో అని రాసుకోమూ? ఇదీ అంతే. పంపే వస్తువు ఏది, ఎన్ని, ఎంత బరువు, ఎంత ఖరీదు. ఒక్కో వస్తువుకి ఒక్కో వరస.

మనం చేసేది దీనికి తలకిందులు. ముందు పెట్టె నింపుతాం. ఖాళీ కనిపిస్తే ఇంకో పొట్లం దూరుస్తాం. పక్కింటావిడ వచ్చి "మా వాడికీ ఇది పంపించవూ" అంటే అదీ పెడతాం. టేపు చుట్టేస్తాం. పాతకాలంలో అయితే తెల్లగుడ్డలో పెట్టి కుట్టి, లక్కతో సీలు వేసేవాళ్ళు. ఆ కుట్టు చూస్తే పాపం, దిండు గలీబు కుట్టినంత శ్రద్ధగా ఉండేది. తీరా కౌంటర్ దగ్గరకి వచ్చాక ఫారం చేతికిస్తే, లోపల ఏముందో రాయాల్సిన గడి దగ్గర పెన్ను ఆగిపోతుంది.

"ఏముందమ్మా ఇందులో?" అని అడిగేదాన్ని.

"ఏముంటాయండీ, తినేవే" అనేవాళ్ళు.

"తినేవి అంటే?"

"అదే, ఇంట్లో చేసినవి. వాడికిష్టమైనవి."

ఆ మాట నాకు అర్థమవుతుంది. మీకూ అర్థమవుతుంది. అవతలి దేశంలో కస్టమ్స్ బల్ల దగ్గర కూర్చున్న మనిషికి అర్థం కాదు. ఆయన సున్నుండ ఎప్పుడూ చూడలేదు. మీ పెట్టె విమానమెక్కి వెళ్ళిపోయాక మీరు దాని పక్కన ఉండరు. అవసరమైతే దాన్ని ముందుగా విప్పేది మీ అబ్బాయి కాదు, ఆ అధికారి. అక్కడ మీ తరఫున మాట్లాడేది ఆ కాగితం ఒక్కటే.

ఆ కాగితాన్ని కస్టమ్స్ డిక్లరేషన్ అంటారు. తక్కువ విలువ ఉన్న చిన్న పొట్లాలకి సీఎన్ 22, పెద్దవాటికి సీఎన్ 23. ఈ పేర్లు మన పోస్టాఫీసు పెట్టినవి కావు. ప్రపంచంలో ఏ దేశం పోస్టాఫీసుకి వెళ్ళినా ఇవే పేర్లు. 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో కొన్ని దేశాలు చేరి ఒక ఒప్పందంతో తపాలా సమాఖ్య పెట్టుకున్నాయి. మన దేశం 1876లోనే అందులో చేరింది. మీ ఊళ్ళో కట్టిన పొట్లం అమెరికాలో వాళ్ళ పోస్ట్‌మాన్ చేతికి వెళ్తుందంటే ఆ ఒప్పందమే కారణం.

ఆ ఒప్పందంలో ఒక తమాషా కూడా ఉంది. బతికున్న జంతువుల్ని తపాలాలో పంపకూడదు అంటుంది. అని, కొన్నిటిని మినహాయిస్తుంది. తేనెటీగలు, జలగలు, పట్టుపురుగులు పంపొచ్చట! కౌంటర్‌లో ఉన్నన్నాళ్ళూ ఎవరైనా జలగలు తెస్తారేమోనని ఎదురుచూశాను. ఎవరూ తేలేదు.

సరే, చీటీ ఎలా రాయాలో చూద్దాం. అసలు ఫారం ఇంగ్లీషులో రాయాలి. ఇంట్లో చీటీ తెలుగులోనే రాసుకోండి, తర్వాత పిల్లల చేత ఇంగ్లీషు చేయించండి. "ఫుడ్ ఐటమ్స్" అని రాస్తే చాలదు. "గిఫ్ట్" అని ఒక్క ముక్క రాసినా చాలదు. గిఫ్ట్ అనేది ఎందుకు పంపుతున్నారో చెప్తుంది గానీ, ఏం పంపుతున్నారో చెప్పదు కదా. ఆవకాయ అయితే, నూనెలో ఊరేసిన మామిడికాయ పచ్చడి, ఇంట్లో చేసింది, రెండు ప్యాకెట్లు, ఒక కిలో. సున్నుండలు అయితే, మినపపిండీ బెల్లం నెయ్యీ కలిపిన మిఠాయి, ఇరవై. చీర అయితే, నూలు చీర, ఒకటి. ఎవరు చదివినా కళ్ళకి వస్తువు కనిపించాలి.

ఇది తెలిసీ నేనే తప్పు చేశాను. రిటైరయిన ఏడాది మా అమ్మాయికి సీకాయపొడి పంపాను. గోధుమరంగు పొడి. పారదర్శకంగా ఉండే కవర్‌లో పోశాను. దాని మీద పేరు లేదు. ఫారంలో "హౌస్‌హోల్డ్ ఐటమ్స్" అని రాశాను. ఎవరు? అంతమందికి "అలా రాయకండమ్మా" అని చెప్పినదాన్ని, నేనే! ఊరూ పేరూ లేని గోధుమరంగు పొడి చూస్తే ఏ అధికారికైనా ఏమనిపిస్తుంది? పార్సిల్ వారాల తరబడి ఆగిపోయింది. చివరికి చేరింది. ఆ కవర్ కోసి, మళ్ళీ టేపు వేసి ఉందట. తలంటుకునే పొడి అని నాలుగు ముక్కలు రాసి ఉంటే సరిపోయేది. అప్పట్నుంచి ప్రతి పొట్లం మీదా పేరు అంటించి మరీ పంపుతున్నాను.

ఇప్పుడు ఈ వివరాలన్నీ కౌంటర్‌లో కంప్యూటర్‌లోకి కూడా ఎక్కిస్తారు. 2021 జనవరి నుంచి వస్తువులున్న విదేశీ పొట్లాలకి ఈ సమాచారం పెట్టె కంటే ముందే అవతలి దేశానికి వెళ్ళాలన్న నియమం వచ్చింది. పెట్టె దిగేసరికి వాళ్ళు మీ చీటీ చదివేసి ఉంటారన్నమాట. కాబట్టి మీ గుర్తింపు కార్డూ దాని నకలూ దగ్గర పెట్టుకోండి. పుచ్చుకునేవాళ్ళ ఫోన్ నంబరు, పిన్‌కోడు లాంటి నంబరుతో సహా పూర్తి అడ్రసు రాసుకుని వెళ్ళండి. దుబాయ్, అబుదాబీ వైపు పంపేవాళ్ళు పోస్ట్ బాక్స్ నంబరు తప్పకుండా అడిగి తెలుసుకోండి. అక్కడ ఉత్తరాలూ పొట్లాలూ ఎక్కువగా ఆ బాక్సులకే వెళ్తాయి. జగిత్యాల నుంచి, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కి పంపే అమ్మలకి ఈ మాట ప్రత్యేకంగా చెప్తున్నాను.

ఇక డబ్బు సంగతి. ఇక్కడ రెండు రకాల డబ్బుంది. రెండూ కలిపేసి చాలామంది గాభరా పడతారు. ఒకటి పోస్టేజీ. రెండోది కస్టమ్స్ సుంకం. పోస్టేజీ అంటే బస్సు టికెట్టు అనుకోండి. సుంకం అంటే దారిలో టోల్ గేటు అనుకోండి. టికెట్టు కొన్నారని టోల్ గేటు ఊరుకోదు. టికెట్టు బరువుని బట్టి. టోల్ గేటు విలువని బట్టి.

ముందు టికెట్టు. అది ఏ దేశం, ఏ రకం సేవ, ఎంత బరువు అన్నదాన్ని బట్టి ఉంటుంది. అంతర్జాతీయ స్పీడ్ పోస్టు వేగంగా వెళ్తుంది, ఖరీదెక్కువ. ఎయిర్ పార్సిల్ ఇంకొంచెం నింపాది. దాన్లో చాలా దేశాలకి 20 కిలోల దాకా పంపొచ్చు. రెండు కిలోల లోపు చిన్న పొట్లాలకి ట్రాక్డ్ ప్యాకెట్ అని ఇంకొకటుంది, అది అన్ని దేశాలకీ లేదు. రేట్లు మారుతుంటాయి కాబట్టి నేను అంకెలు చెప్పను. వెళ్ళే రోజున కౌంటర్‌లో అడగండి. జీఎస్టీ కలిపి ఎంతో అడగండి.

దేశం మీ చేతిలో లేదు, రేటు మీ చేతిలో లేదు. బరువు మాత్రం మీ చేతిలో ఉంది. స్పీడ్ పోస్టులో బరువుని పావుకిలో పావుకిలోగా లెక్కేస్తారు. మీ పెట్టె మూడు కిలోల ఇరవై గ్రాములు తూగిందనుకోండి. మూడుంపావు కిలోలకి డబ్బు కట్టాలి. ఆ ఇరవై గ్రాములు ఏమిటి? రెండు జంతికలు. ఆ రెండు జంతికలూ అక్కడే నమిలేసి పెట్టె మళ్ళీ కట్టుకున్న పెద్దాయన్ని నేను చూశాను. నవ్వకండి, ఆయన లెక్క సరైనదే.

అందుకే చీటీలో బరువు గడి ముఖ్యం. పొట్లాలు తూచేటప్పుడు ఖాళీ అట్టపెట్టెని కూడా తూచండి. దానికీ బరువుంది. గాజు సీసాకి మరీ బరువు. పచ్చడి మందపాటి కవర్‌లో పోసి, గట్టిగా సీల్ చేయించి, దాన్ని ఇంకో కవర్‌లో పెట్టండి. నూనె కారితే మీ పొట్లం ఒక్కటే పాడవదు. అదే సంచిలో ఉన్న పదిమంది పొట్లాలూ పాడవుతాయి. వాటిలో ఎవరిదో పెళ్ళి చీర ఉండొచ్చు.

ప్రైవేటు కొరియర్‌లో పంపేవాళ్ళకి ఇంకో చిక్కుంది. వాళ్ళు పెట్టె ఎంత చోటు తీసుకుంటుందో కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. యాభై, నలభై, నలభై సెంటీమీటర్ల పెట్టె ఉందనుకోండి. గుణిస్తే 80,000. 5000తో భాగిస్తే పదహారు. అందులో మీరు వడియాలూ అప్పడాలూ పెట్టారు, తూస్తే నాలుగు కిలోలే. అయినా పదహారు కిలోలకి డబ్బడుగుతారు. రెండిట్లో ఏది ఎక్కువైతే అదే వాళ్ళ లెక్క. గాలికి కూడా టికెట్టు కొంటున్నామన్నమాట.

ఇప్పుడు టోల్ గేటు. అంటే సుంకం. అమెరికా సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే మనలో ఎక్కువమంది పంపేది అక్కడికే. ఒకప్పుడు 800 డాలర్ల విలువ దాకా ఏ పొట్లానికీ అక్కడ సుంకం ఉండేది కాదు. 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు తీసేశారు. ఎవరు వసూలు చేయాలి, ఎలా చేయాలి అన్నది తేలక, మన తపాలా శాఖ నాలుగు రోజుల ముందే, ఆగస్టు 25 నుంచి, అమెరికాకి వస్తువుల పార్సిళ్ళు చాలావరకు ఆపింది. మళ్ళీ మొదలైంది అక్టోబరు 15న. ఆ ఏడు బతుకమ్మ, దసరా రెండూ ఈ మధ్యలోనే గడిచిపోయాయి. దీపావళికి అయిదు రోజుల ముందు కౌంటర్ తెరిచారు. ఎంతమంది అమ్మలు కట్టిన పెట్టెలు అలాగే అటక మీద ఉండిపోయాయో.

తిరిగి మొదలయ్యాక పద్ధతి మారింది. సుంకం పడే పొట్లమైతే ఆ సుంకాన్ని ఇక్కడే, పంపేవాళ్ళ దగ్గరే, పోస్టేజీతో పాటు కట్టించుకుంటారు. అక్కడ మీ అమ్మాయి తలుపు దగ్గర ఎవరూ డబ్బు అడగరు. ఎంత శాతం అనేది రాజకీయాన్ని బట్టి మారిపోతోంది, అందుకే వెళ్ళిన రోజున కనుక్కోండి. అయితే సొంతవాళ్ళకి పంపే నిజమైన బహుమతికి 100 డాలర్ల దాకా మినహాయింపు పెట్టారు. మన డబ్బులో తొమ్మిది వేల రూపాయలు కొంచెం అటూ ఇటూ. ఒక మనిషికి, ఒక రోజుకి అంతే.

మిగతా దేశాలకీ ఇలాంటి గీతలున్నాయి. బ్రిటన్‌లో బహుమతికి 39 పౌండ్లు. యూరప్ యూనియన్ దేశాల్లో 45 యూరోలు. ఆ గీత దాటితే అక్కడ మీవాళ్ళు పన్ను కట్టాల్సి వస్తుంది.

దీంతో ఒక ఆశ పుడుతుంది. తెలుసు, నాకూ పుట్టింది. గద్వాల చీర పద్దెనిమిది వేలు. "అయిదొందలు అని రాసేద్దామా?" వద్దు. రాయొద్దు. పెట్టెలో కొట్టువాడి బిల్లు ఉండిపోతే అక్కడే దొరికిపోతారు. బిల్లు లేకపోయినా, జరీ చీర ఎలా ఉంటుందో రోజూ చూసేవాళ్ళకి తెలుసు. ఇంకో సంగతి. పార్సిల్ పోయిందనుకోండి, పరిహారం అడిగేటప్పుడు మీరు రాసిన అయిదొందలే మీకు అడ్డమొస్తుంది. విలువ నిజంగా రాయండి. చీటీ ముందే రాసుకుంటే, గీత దాటుతోందని ఇంట్లోనే తెలుస్తుంది. చీర ఈసారి పంపాలా, వచ్చేవాళ్ళతో పంపాలా అని తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

చీటీతో ఇంకో పెద్ద లాభం, పంపకూడనిది ముందే కనిపిస్తుంది. పూజ సామాను అని ఒక్క ముక్కలో రాస్తే ఏమీ తెలియదు. విడివిడిగా రాయండి. పసుపు, కుంకుమ, వత్తులు, కర్పూరం. ఆగండి. కర్పూరం మండే వస్తువు. విమానంలో వెళ్ళే తపాలాకి పనికిరాదు. అగ్గిపెట్టె అసలే వద్దు. అత్తరు, స్ప్రేలు వద్దు. పవర్ బ్యాంకు వద్దు, అందులో లిథియం బ్యాటరీ ఉంటుంది. ఆశీర్వాదమని కవర్లో నోట్లు పెట్టకండి.

తర్వాత అక్షింతలు. పెళ్ళి శుభలేఖలో చిటికెడు అక్షింతలు పెడతాం. భద్రాచలం తలంబ్రాలు పంపుదామనుకుంటాం. మనకవి దీవెన. అమెరికా వ్యవసాయ శాఖకి అవి బియ్యపు గింజలు. ఖప్రా అని ధాన్యాన్ని తినే ఒక పురుగుంది. అది ఉన్న దేశాల నుంచి ఇంటివాడకానికి పంపే బియ్యాన్ని వాళ్ళు రానివ్వరు. ఆ దేశాల్లో మనదీ ఒకటి. అందుకని పసుపు కుంకుమ పెట్టండి, గింజలు వద్దు. పచ్చి కరివేపాకు కూడా అంతే. అది నిమ్మ, నారింజ కుటుంబానికి చెందిన చెట్టు. ఆ తోటల్ని నాశనం చేసే తెగులుని మోసే పురుగు దాని మీద బతుకుతుంది. వాళ్ళ నారింజ తోటల భయం వాళ్ళది.

ఆస్ట్రేలియావాళ్ళు ఇంకా పట్టుదల మనుషులు. ఎండుమిరపకాయలు, ధనియాలు, జీలకర్ర, శనగలు, కందిపప్పు, బియ్యం, ఏవీ తపాలాలో రానివ్వరు. అదే పురుగు భయం. కొండపల్లి బొమ్మ పంపినా చెక్క కాబట్టి ఆపి చూస్తారు. యూరప్, బ్రిటన్ వైపు నెయ్యి, పాలకోవా లాంటి పాలపదార్థాలు పంపొద్దు. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి అమెరికాకీ వద్దు, యూరప్‌కీ వద్దు, ఆస్ట్రేలియాకీ వద్దు. గల్ఫ్ వైపు గసగసాలు వద్దు. ఇది మాత్రం చాలా గట్టిగా చెప్తున్నాను. మనకి మసాలా దినుసు. ఎమిరేట్స్‌లో, సౌదీలో అది నల్లమందు మొక్క గింజ. పార్సిల్ పోవడం కాదు, పుచ్చుకున్న మనిషికే చిక్కు. సింగపూర్‌లో కూడా అంతే. మాత్రలు పంపాలంటే ముందు ఆ దేశంలో ఆ మందుకి అనుమతి ఉందో లేదో అక్కడున్న మీవాళ్ళనే కనుక్కోమనండి.

ఇంత చెప్పి ఆవకాయ సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. బయటి నుంచి వచ్చే తిండి గురించి ముందస్తు నోటీసు ఇవ్వాలని అమెరికాలో 2002 నాటి చట్టం అంటుంది. కానీ ఇంట్లో చేసిన తిండిని, చేసిన మనిషే తన పేరుతో, సొంతవాళ్ళకి బహుమతిగా పంపితే ఆ నోటీసు అక్కర్లేదు. కాబట్టి అమ్మ చేసిన ఆవకాయ అమ్మ పేరుతోనే వెళ్ళాలి. చీటీలో "హోమ్ మేడ్" అని ఉండాలి. కొట్టులో కొన్న పచ్చడికి ఆ మాట రాయకండి, అది నిజం కాదు కదా. పచ్చళ్ళో, చేనేత చీరలో అమ్మకానికి పంపేవాళ్ళ దారి పూర్తిగా వేరు. వాళ్ళ కోసం తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు పెట్టింది. అక్కడికి వెళ్ళి అడగండి. వాటి గురించి చెప్పాలంటే ఇంకో ప్రసంగం కావాలి.

ఫారంలో అందరూ వదిలేసే గడి ఒకటుంది. పార్సిల్ చేరకపోతే ఏం చేయాలి అన్న గడి. వెనక్కి పంపమని గుర్తు పెట్టొచ్చు, వదిలేయమనీ పెట్టొచ్చు. వెనక్కి అంటే తిరుగు చార్జీ మీ మీద పడొచ్చు. చీర అయితే వెనక్కి రమ్మనండి. నెలల తర్వాత తిరిగొచ్చే సున్నుండలకి డబ్బు కట్టి ఏం చేసుకుంటాం? వాటిని వదిలేయమనండి.

రసీదు జాగ్రత్త. దాని మీద పదమూడు అక్షరాలూ అంకెలూ కలిసిన నంబరుంటుంది. మొదట రెండు ఇంగ్లీషు అక్షరాలు. స్పీడ్ పోస్టైతే "ఈ"తో మొదలవుతుంది, పార్సిలైతే "సీ"తో. మధ్యలో తొమ్మిది అంకెలు. చివర "ఐ, ఎన్", అంటే ఇండియా. అదే నంబరు అవతలి దేశం తపాలావాళ్ళ వెబ్‌సైట్‌లో కొట్టినా పొట్లం ఎక్కడుందో చూపిస్తుంది. చేరకపోతే గడువు లోపు విచారణకి దరఖాస్తు ఇవ్వాలి, ఎయిర్ పార్సిల్‌కి ఆ గడువు ఆరు నెలలు. ఏడాది తర్వాత రసీదు పట్టుకొచ్చి కౌంటర్ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళని చూశాను. అప్పటికి నేను చేయగలిగిందేమీ లేకపోయేది.

ఇంకొక్క పని చేయండి. మీరు ఇంట్లో తెలుగులో రాసుకున్న చీటీ ఉంది కదా, దాన్నీ రసీదునీ కలిపి ఫోటో తీసి మీ అమ్మాయికి వాట్సాప్‌లో పంపండి. కస్టమ్స్‌వాళ్ళు ఫోన్ చేసి "ఈ బ్రౌన్ పౌడర్ ఏమిటి" అని అడిగితే, వెంటనే చెప్పడానికి తన దగ్గర జవాబుంటుంది. మా అమ్మాయైతే చీటీ చేరగానే ఫోన్ చేస్తుంది. "అమ్మా, ఇందులో చెక్కలు లేవేం?" అని.